గీజాలో పపైరస్ దుకాణం: థోత్ బొమ్మ కొనాలనుకునేవాళ్లకి

దస్తావేజులు రాయడం నా వృత్తి. అందుకే ఈజిప్టు వెళ్తే, పపైరస్ కాగితం మీద గీసిన, రాతకు దేవుడైన థోత్ బొమ్మ కొనాలని ఎప్పటినుంచో ఉంది. గీజాలో, పిరమిడ్లకు వెళ్లే దారిలోని ఒక దుకాణంలో తీసుకున్నాను.

పపైరస్ అనే నీటిమొక్క కాడతోనే ఆ కాగితం చేస్తారు. ముందు ఆ తయారీ చూపిస్తారు, అది వదులుకోవద్దు. పపైరస్ కాడ మూడు పలకలుగా ఉంటుంది. పచ్చ తొక్క చెక్కేసి, లోపలి తెల్ల బెండును పల్చటి పట్టీలుగా కోసి నానబెడతారు. ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకో వరస అడ్డంగా పేర్చి, బరువు కింద నొక్కి ఆరబెడతారు. జిగురు వాడలేదు. వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ గళ్లు తెలుస్తాయి. చుట్టినా విరగదు.

గోడల నిండా ఒకటే దృశ్యం, చనిపోయినవాడికి తీర్పు. త్రాసులో ఒకవైపు అతని గుండె, ఇంకోవైపు సత్యదేవత మాత్ ఈక. నక్క తల దేవుడు అనుబిస్ తూకం సరిచూస్తుంటే, వంకర ముక్కు ఐబిస్ పక్షి తలతో థోత్ నిలబడి ఫలితం రాసుకుంటాడు. దీనికి మూలం క్రీ.పూ. 1250 ప్రాంతపు పపైరస్, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని సమాధికి తీసుకెళ్లిన ఆనీ కూడా లేఖకుడే!

నాకు నచ్చనిది ఇక్కడే. సేల్స్‌మన్ పట్టుబట్టి చూపించిన పెద్ద బొమ్మలో బంగారు రంగు ధగధగలాడుతోంది కానీ థోత్ చేతిలో కలం లేదు, పలక లేదు. రాయని థోత్ తీర్పు దగ్గర ఏం చేస్తున్నట్టు? వద్దన్నాను. మూలన పెట్టిన చిన్న బొమ్మలో అన్నీ ఉన్నాయి. సన్నటి రెల్లు కలం, పలక మీద రెండు సిరా గుంటలు కూడా. మసితో చేసిన నలుపు మామూలు రాతకి, ఎర్రమట్టి ఎరుపు శీర్షికలకి. ఆ రెండు చుక్కలు పెట్టిన చిత్రకారుడికి లేఖకుల పని తెలుసు. 900 ఈజిప్టు పౌండ్లు చెప్పి 600కి ఇచ్చారు, నాకు ఎక్కువనిపించలేదు.

కొన్నవాళ్ల పేరు చిత్రలిపిలో ఉచితంగా రాసిస్తారు. చుట్టూ కోలగా గీసే గీత రాజులు, రాణుల పేర్లకు వేసేది, నాకు వద్దని చెప్పాను. ఆశ్చర్యపోయినా అలాగే రాశారు. అట్టగొట్టంలో చుట్టి ఇచ్చారు, ఇంటికి చేరాక ఒక్క మడత కూడా పడలేదు. తయారీ చూడటానికి, చిన్న బొమ్మలకి ఈ దుకాణానికి ధైర్యంగా వెళ్లొచ్చు.