“ప్లాస్టిక్‌కి సూపర్‌గా పట్టుకుంటుంది అన్నా” అని అంటగట్టిన వాటర్ బేస్డ్ ప్రైమర్: కొనేముందు ఇది చదవండి

రాత్రి నుంచీ కడుపు మండిపోతోంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆ సెల్లర్ ఎవరో హైదరాబాద్‌లో మోడల్ కిట్లు (ముక్కలు అతికించి, రంగులేసి చేసే చిన్న ప్లాస్టిక్ విమానాలు, బళ్లు) చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే “స్టాక్ వచ్చింది అన్నా” అని మెసేజ్ పెట్టే ఆయనే. పేరు రాయను. ఆయన దగ్గర 60 మి.లీ. వాటర్ బేస్డ్ ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే అడుగు కోటు, 650 రూపాయలకి తీసుకున్నాను. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, ఘాటు సాల్వెంట్‌తో చేసే లాకర్ (lacquer) ప్రైమర్ వాసన పడదు, అందుకని. కిట్ 1/72 (అసలు దానిలో 72వ వంతు సైజు) మిగ్-21 బైసన్ యుద్ధవిమానం. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆ విమానాలకి వీడ్కోలు చెప్పారు కదా, ఆ రోజు టీవీ ముందు కూర్చుని మా బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నన్నాళ్లూ వాటి మీదే పనిచేశాడు. ఆయనకి ఇద్దామని మొదలుపెట్టాను.

చెయ్యాల్సినవన్నీ చేశాను. అచ్చులోంచి ఊడి రావడానికి రాసే జిడ్డు ముక్కల మీద ఉండిపోతుందని గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగాను. ఒక రాత్రంతా ఆరబెట్టాను. వేలిముద్రలు పడకుండా గ్లవ్స్ వేసుకున్నాను. ఎయిర్‌బ్రష్‌తో పల్చగా మూడు కోట్లు ప్రైమర్, దాని మీద బూడిద రంగు. “రెండు గంటల తర్వాత టేప్ వేసుకోవచ్చు” అని ఆయన చెబితే నేను రెండు రోజులు ఆగాను. ముక్కు కోన్‌కి వేరే రంగు వెయ్యాలి కాబట్టి మాస్కింగ్ టేప్ తీసి, జిగురు కాస్త తగ్గడానికి ముందు అరచేతికి రెండుసార్లు అంటించి, అప్పుడు వేశాను.

తీసేటప్పుడు చూడాలి నా మొహం.

టేప్‌తో పాటు రంగు పాల మీద మీగడలా లేచొచ్చింది. పెచ్చులు కూడా కాదు. ప్రైమర్, రంగు కలిసి ఒకే పొరగా, బెలూన్ తోలులా సాగుతూ, ముక్కు దగ్గర మొదలై రెక్క మొదలు దాకా. కింద ప్లాస్టిక్ మాత్రం డబ్బాలోంచి అప్పుడే తీసినంత తళతళలాడుతోంది. 650 రూపాయలు పెట్టి నేను కొన్నది ప్రైమర్ కాదు, విమానానికి రెయిన్‌కోటు.

ఫోటో పంపాను. డబ్బులు పడేదాకా “అన్నా”, ఫోటో చూశాక “చూడండి సార్”. మీరు కడిగి ఉండరు సార్. కడిగాను. అయితే సరిగ్గా ఆరి ఉండదు సార్, వానాకాలం కదా, వారం ఆగాలి. రెండు గంటలన్నారు కదా అని ఆయన మెసేజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. అరగంట చప్పుడు లేదు.

ఆ అరగంటలోనే అసలు సంగతి బయటపడింది. టేబుల్ మీద నీళ్లు ఒలికి, సీసా లేబుల్ అంచు లేచింది. గోటితో లాగితే మొత్తం వచ్చేసింది, కింద ఇంకో లేబుల్! కాన్వాస్, చెక్క, మట్టిబొమ్మలకి వాడే బేస్ కోటు అని దాని మీద రాసుంది. నీళ్లు పీల్చుకునే వాటికి అది పట్టుకుంటుంది, కరెక్టే. కిట్ ముక్కలు చేసే ప్లాస్టిక్, పాలిస్టైరీన్, ఏం పీల్చుకుంటుంది? లాకర్ ప్రైమర్ అయితే ప్లాస్టిక్ పైపొరని కాస్త కరిగించి అందులో దిగుతుంది. ఇది ఊరికే పైన కూర్చుంటుంది, టేప్ పిలిస్తే లేచి వెళ్లిపోతుంది.

ఫోన్ చేశాను. లేబుల్ గురించి అడిగితే కాసేపు ఆగి, నవ్వి, “బొమ్మ విమానమే కదా సార్, దీనికింత టెన్షన్ పడితే ఎలా?” అన్నాడు.

బొమ్మ విమానమట. వారానికో బొమ్మ విమానం అమ్ముకుని బతికే మనిషి అనే మాటేనా ఇది? నాకు నోట మాట రాలేదు. గట్టిగా నాలుగు అనాల్సింది, అవన్నీ పడుకున్నాక గుర్తొచ్చాయి. మళ్లీ మెసేజ్ పెడితే ఒక్క టిక్కే. బ్లాక్ చేశాడు.

నా తప్పు లేదా అంటే ఉంది. పన్నెండేళ్లుగా కిట్లు చేస్తున్నాను, కొత్తవాళ్లకి “ముందు ప్లాస్టిక్ చెంచా మీద వేసి చూడండి” అని పాఠాలు చెప్పేది నేనే. ఈసారి చెంచా వెతకడానికి బద్ధకమేసింది. సీల్ కాస్త వదులుగా ఉందని చూసి కూడా ఊరుకున్నాను. మామూలు నీళ్లతో పల్చన చేసుకోవచ్చన్నాడని కుళాయి నీళ్లే పోశాను, అది కూడా కొంత చెడగొట్టి ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే రంగుని పట్టి ఉంచేది పల్చబడి పట్టు ఇంకా పోతుంది. ఆ కంపెనీ థిన్నరే వాడాలి.

మీరైతే సీల్ ఉన్న సీసానే తీసుకోండి, లేబుల్ అంచు గోటితో ఒకసారి గీకి చూడండి, చెంచా మీద వేసి రెండు రోజులాగి టేప్ పీకి చూడండి. వాసన భరించగలిగితే ఆరుబయట మాస్కు పెట్టుకుని లాకర్ ప్రైమరే కొట్టండి, దాని మీద వాటర్ బేస్డ్ రంగు హాయిగా నిలుస్తుంది.

ఇప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్ పెట్టుకుని మిగిలిన రంగంతా గీకుతున్నాను. గీకుతుంటే ముక్కు దగ్గర సూదిలా ఉండే పిటో ట్యూబ్ (వేగం కొలిచే గొట్టం) టక్కున విరిగి ఎటో ఎగిరిపోయింది. మంచం కింద గంటసేపు టార్చి వేసి వెతికాను, దొరకలేదు. ఆల్కహాల్ అయిపోయింది, మెడికల్ షాపుకి ఎలాగూ వెళ్లాలి. ఒక ఇంజెక్షన్ సూది కూడా తెచ్చుకుని, కోసి అక్కడ అతికిస్తాను.