పాత రికర్వ్ విల్లు కొంటున్నారా? నారి ఎక్కించిన ఫొటో చూడకుండా డబ్బు పంపకండి

ఒకరు వాడిన హంటింగ్ విల్లు కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదు.

నేను కొన్నది ఒకే ముక్కగా చేసిన రికర్వ్ (కొనలు ముందుకు వంపు తిరిగి ఉండే విల్లు), 60 అంగుళాలది. చెక్క పొరల మీద ఫైబర్‌గ్లాస్. అమ్మినతను పంపిన ఫొటోలన్నిటిలోనూ విల్లు నారి విప్పి, పక్కకు పడుకోబెట్టి ఉంది. "నారి కాస్త పక్కకు పోతుంది, కొత్తది వేస్తే సరిపోతుంది" అన్నాడు. నమ్మాను.

స్ట్రింగర్‌తో, అంటే నారి ఎక్కించడానికి వాడే తాడుతో, ఎక్కుపెట్టి చూస్తే పై లింబ్ (పిడికి పైనా కిందా వంగే భాగాల్లో పైది) దగ్గర నారి గాడిలో చక్కగా కూర్చుంది. కింది లింబ్ దగ్గర మాత్రం గాడి వదిలి ఎడమ అంచు మీదికి జరిగింది. ముందు నారి చివరి ఉచ్చును అనుమానించాను. కొప్పు (విల్లు కొన) గాట్లలో ఉచ్చు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి కూర్చున్నా నారి పక్కకు పోతుంది. సరిచేశాను, మార్పు లేదు. నారిని తలకిందులు చేసి వేశాను. తప్పు నారిదే అయితే అది పై లింబ్‌కు మారాలి, మారలేదు. 56 అంగుళాల కొత్త నారి వేసి బ్రేస్ హైట్ (పిడికీ నారికీ మధ్య దూరం) 8 అంగుళాలకు తెచ్చినా అంతే. రెండువైపులా గాట్ల లోతు కొలిస్తే సమానంగానే ఉంది. ఇక మిగిలింది లింబే. కొప్పు వైపు నుంచి పిడి దాకా ఒంటికన్నుతో చూస్తే మెలిక స్పష్టంగా కనబడింది.

పావు వంతు లాగేసరికి నారి ఇంకా అంచుకు జారుతుంటే భయమేసి మెల్లగా దించేశాను. లాగినప్పుడు నారి ఊడిందంటే బాణం లేకుండా వదిలినట్టే. లింబ్ పగిలి ముఖానికి తగలొచ్చు.

కొద్దిపాటి మెలికైతే గోరువెచ్చగా చేసి, ఎదురువైపు చేతులతో మెల్లగా తిప్పి కాసేపు పట్టుకుంటే సర్దుకునే అవకాశం ఉంది. మంట మాత్రం చూపకండి, పొరల జిగురు విడిపోతుంది. నా విల్లు సాయంత్రం నిటారుగా నిలిచి, పొద్దున్నకి మళ్లీ తిరిగిపోయింది. తర్వాత అంచు వెంట దూది నడిపితే ఒకచోట పోగులు పట్టుకున్నాయి. కొత్త పాలిష్ కింద సన్నని చీలిక! దాన్ని దాచడానికే పాలిష్ వేశాడని నా అనుమానం. అడిగితే "పంపేటప్పుడు బాగానే ఉంది" అన్నాడు. ఆ తర్వాత జవాబే లేదు.

అందుకే, నారి ఎక్కించి, నారి వైపు నుంచి పొడవునా తీసిన ఫొటో అడగండి. నారి పిడిని సరిగ్గా రెండుగా చీల్చినట్టు కనబడాలి, రెండు గాడుల మధ్యలోనూ పడాలి. రెండు కొప్పులకూ దగ్గరి ఫొటోలు కావాలి. విల్లు ఎలా ఎక్కుపెడతారో కూడా అడగండి: కాళ్ల మధ్య పెట్టి వంచేవాళ్ల దగ్గర లింబ్ మెలిక పడటం మామూలే. ఎండలో కారులో వదిలేసినా, మూలకు ఆనించి నిలబెట్టినా అదే గతి. విడదీసే రికర్వ్ అయితే బోల్టులు, లింబ్ కూర్చునే చోట దుమ్ము ముందు చూడాలి. అక్కడి తప్పు చాలాసార్లు తేలిగ్గానే పోతుంది.

ఇప్పటికే మీ దగ్గర ఇలాంటి విల్లు ఉండి, నారి అంచు మీద నడుస్తుంటే, పూర్తిగా లాగి చూద్దామనుకోకండి. స్ట్రింగర్ వేసి ఈరోజే నారి దించేయండి.