192 మీటర్ల దగ్గర వెరోనికా: పాత రేడియోల వెంట ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మెర్సీ దాకా

నెదర్లాండ్స్‌లో ఉంటున్న మనవాళ్లకి తులిప్ తోటలు, గాలిమరలు చూడటం అయిపోయాక వీకెండ్‌కి ఎక్కడికెళ్లాలో తోచదు. పాత రేడియోలంటే ఏ కాస్త ఇష్టమున్నా ఈ దారి పట్టొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్, హిల్వర్సమ్, అక్కణ్ణుంచి రాత్రి ఓడలో ఇంగ్లండ్‌లోని హారిచ్, చివరికి మెర్సీ ద్వీపం. డయల్ మీద పైరేట్ స్టేషన్ల పేర్లు అచ్చువేసిన 1960ల నాటి రేడియో సెట్ల కోసం నేను ఇటు వెళ్లాను.

అప్పట్లో డచ్ దేశంలోనూ ఇంగ్లండ్‌లోనూ రేడియోలో పాప్ పాటలు తక్కువ, ప్రకటనలు అసలే లేవు. దాంతో కొందరు పాత ఓడల్లో ట్రాన్స్‌మిటర్లు బిగించి, దేశ సముద్ర పరిధి దాటాక లంగరేసి, పాటలు వేస్తూ ప్రకటనలు అమ్ముకున్నారు. 1958లో డెన్మార్క్ దగ్గర రేడియో మెర్కూర్, 1960లో డచ్ తీరంలో రేడియో వెరోనికా, 1964 ఈస్టర్‌కి ఇంగ్లండ్ దగ్గర రేడియో కరోలైన్ మొదలయ్యాయి. వీటి నోరు ఎలా నొక్కాలా అని ప్రభుత్వాలు చట్టాలు వెతుక్కుంటుంటే, షాపులో అమ్మే కొన్ని రేడియోల డయల్ మీద అధికారిక హిల్వర్సమ్ స్టేషన్ వరసలోనే వెరోనికా పేరు కూడా ఉండేది. నాకు మొదట సరదాగా అనిపించింది ఇదే.

మనకిది కొత్తేం కాదులెండి. బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలకి కోత పడితే మన ఇళ్లలో ముల్లు సిలోన్ వైపు తిరిగింది. సిలోన్ పైరేట్ కాదు, పక్క దేశపు ప్రభుత్వ స్టేషనే. కానీ వినేవాడికి పాట వస్తే చాలు. ఆ పోటీ తట్టుకోవడానికి 1957లో వివిధభారతి వచ్చినట్టే, ఇంగ్లండ్‌లో 1967లో పాప్ పాటల కోసం బీబీసీ రేడియో 1 వచ్చింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదట వెళ్లాల్సింది నదికి అవతల ఎన్‌డీఎస్ఎమ్ అనే పాత ఓడల యార్డుకి. సెంట్రల్ స్టేషన్ వెనకనుంచి పడవ ఉంటుంది, టికెట్ లేదు, పావుగంటలో దింపుతుంది. యార్డు షెడ్లలో ఐ-హాలెన్ అనే పాత సామాన్ల సంత జరుగుతుంది. ప్రతి వారం ఉండదు, తేదీలు చూసుకుని వెళ్లాలి. లోపలికి చిన్న ప్రవేశ రుసుం. రేడియోలు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి మంచివి పోతాయి.

అక్కడ ఓ ముసలాయన బల్ల మీద అరచేతికి కాస్త పెద్దదైన ట్రాన్సిస్టర్ దొరికింది. తోలు తొడుగు, మూలల్లో కుట్లు ఊడాయి. డయల్ గాజు మీద తెల్ల అక్షరాల్లో హిల్వర్సమ్ రెండు చోట్ల, 402 మీటర్ల దగ్గర ఒకటి, 298 దగ్గర ఇంకొకటి (ఈ మీటర్లు రేడియో తరంగం పొడవు, డయల్ మీద స్టేషన్‌ని దాన్నిబట్టే వెతకాలి). ఇంకాస్త పక్కకి 208 దగ్గర లక్సెంబర్గ్. ముల్లు దాదాపు చివరికంటా వెళ్లాక, 192 దగ్గర చిన్న ఎర్ర గీత, దాని పక్కన వెరోనికా. ఆ కొసకి చోటు సరిపోక చివరి రెండు అక్షరాలు ఇరుక్కుపోయాయి. నాబ్ అక్కడికి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గరగర తప్ప ఏం లేదు, ఉండదు కూడా. అరవై యూరోలన్నాడు, నలభైకి దిగాడు. బ్యాటరీ గదిలో తుప్పు ఉందో లేదో చూసుకోమని ఆయనే చెప్పాడు. ఈ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

డయల్ మీద పేరు ఉంటే ఇంకో లాభం, సెట్ వయసు తేలిగ్గా తెలుస్తుంది. వెరోనికా 192లో ఉన్నది 1972 సెప్టెంబరు చివరి దాకానే. తర్వాత డయల్ రెండో కొసకి, 538 మీటర్లకి మారిపోయింది. కాబట్టి 192 దగ్గర ఆ పేరున్న సెట్ మారడానికి ముందుది. 1974లో కొత్తగా కొన్నదని ఎవరైనా చెబితే నమ్మకండి, లేదా దుకాణంలో చాలాకాలం మిగిలిపోయిన సరుకనుకోండి. అతికించిన కాగితం ముక్క మీద పేరుంటే అది వేరే సంగతి, సొంతదారు చేతిపని. ధర అందుకు తగ్గట్టు అడగండి.

సంతకి దగ్గర్లోనే వెరోనికా ఓడ నార్డర్నై ఉంది. ఒకప్పటి చేపల ఓడ. 1973 ఏప్రిల్ 2న తుఫానులో లంగరు తెగి స్కెవెనింగెన్ బీచ్‌లో ఇసుకలో కూరుకుపోయింది. దాన్ని మళ్లీ నీళ్లలోకి లాగేలోపు కరోలైన్ వాళ్లు తమ ఓడ మి అమీగోని కొన్నాళ్లు వెరోనికాకి ఇచ్చారు. వ్యాపారంలో పోటీదారులు ఇలా సాయపడటం అరుదు. నేను ఓడని ఒడ్డు మీంచే చూశాను, ఫొటోకి అది చాలు. అక్కణ్ణుంచే ఇంకో పడవ పట్టుకుంటే హౌట్‌హావెన్స్ వైపు రెమ్ ఐలాండ్ వస్తుంది. 1964లో సముద్రం మధ్యలో స్తంభాల మీద కట్టి టీవీ, రేడియో నడిపిన ప్లాట్‌ఫారం అది. అదే ఏడాది డిసెంబరు 17న డచ్ అధికారులు హెలికాప్టర్లలో వచ్చి మూయించారు. ఇప్పుడు దాని పై భాగం నగరంలో రెస్టారెంట్. మెట్లు ఎక్కితే గాలి కొట్టేస్తుంది, చూపు మాత్రం బాగుంది. తిండి ధరకి తగ్గట్టు లేదనిపించింది. కాఫీతో సరిపెట్టుకోండి.

బస ఆమ్‌స్టర్‌డామ్ మధ్యలో వద్దు. జాందామ్‌లోనో హిల్వర్సమ్‌లోనో తీసుకుంటే ధర తగ్గుతుంది, రైలు తరచుగా ఉంటుంది. హిల్వర్సమ్‌లో ఉంటే రంగురంగుల గాజు గోడల బీల్డ్ ఎన్ ఖెలౌట్ భవనానికి వెళ్లొచ్చు. డచ్ రేడియో, టీవీ ఆర్కైవ్ అది, లోపలి మ్యూజియం పిల్లలకి బాగా నచ్చుతుంది. నాలాంటి వాళ్లకి మాత్రం తెరలు ఎక్కువ, నాబులు తక్కువ అనిపించింది. సెట్లు అద్దం వెనక ఉంటే ముల్లు తిప్పే సుఖం ఎక్కడిది? ఐండ్‌హోవెన్‌లోని ఫిలిప్స్ మ్యూజియంలోనూ అంతే, కానీ వాల్వుల కాలం నుంచి కంపెనీ చరిత్ర వరసగా తెలుస్తుంది. స్కెవెనింగెన్ బీచ్‌లో ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోట చూడ్డానికి ఏం లేదు. టైం లేకపోతే వదిలేయండి.

తర్వాత హుక్ ఆఫ్ హాలండ్. రోటర్‌డామ్ నుంచి మెట్రో వెళ్తుంది. రాత్రి బయలుదేరే స్టీనా లైన్ ఓడ తెల్లారేసరికి హారిచ్ చేరుస్తుంది. రాత్రి ఓడలో క్యాబిన్ తీసుకోవాలి. చిన్నదైనా శుభ్రంగా ఉంది, షవర్ ఉంది, దుప్పటి బాగుంది. శాకాహారులకి లోపల దొరికేవి తక్కువ, పులిహోర కట్టుకెళ్లడం మంచిది. ముఖ్యమైన సంగతి, భారతీయ పాస్‌పోర్ట్ ఉంటే డచ్ రెసిడెన్స్ కార్డు ఇక్కడ పనికిరాదు, బ్రిటన్ వీసా వేరే ఉండాలి.

హారిచ్‌లో హాపెన్నీ పియర్ దగ్గర ఎల్‌వీ18 అనే ఎర్రటి లైట్‌షిప్, అంటే దీపస్తంభంలా ఓడలకి దారి చూపే ఓడ ఉంది. 2004లో పైరేట్ రేడియోలకి నలభై ఏళ్లయిన సందర్భంగా బీబీసీ ఎసెక్స్ దీని మీంచే ప్రత్యేక ప్రసారాలు చేసింది. బీబీసీయే పైరేట్ వేషం కట్టిందన్నమాట. లోపల ఆ కాలపు రేడియో సామాన్లు ఉంటాయి, వాలంటీర్లు ఓపిగ్గా మాట్లాడతారు. సీజన్‌లోనే తెరుస్తారు, ముందు కనుక్కుని వెళ్లండి. నేను దిగిన గెస్ట్‌హౌస్ మాత్రం మళ్లీ వద్దు. పొద్దున్నే ఓడ దిగి వస్తామని ముందే రాసినా, మధ్యాహ్నం దాకా బ్యాగులు కూడా పెట్టుకోనివ్వలేదు. రాత్రి హీటర్ పనిచేయలేదు, అడిగితే ఇంకో దుప్పటి చేతిలో పెట్టారు. బదులు కోల్చెస్టర్‌లో దిగడం మేలు, రైలూ మెర్సీ బస్సూ రెండూ దగ్గర.

ఈ మొత్తంలో డబ్బుకి తగిన అనుభవం రాస్ రివెంజ్ ఓడ. ఒకప్పటి పెద్ద చేపల ఓడ, 1983 నుంచి కరోలైన్‌కి ఇల్లు. ఇప్పుడు బ్లాక్‌వాటర్ నదిముఖంలో లంగరేసి ఉంది. వెస్ట్ మెర్సీ నుంచి చిన్న పడవలో తీసుకెళ్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి, వాతావరణం బాగోకపోతే రద్దు. పెద్ద పోటుల్లో ద్వీపానికి వెళ్లే రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, కాబట్టి పోటు వేళలు చూసుకోకుండా బస్సెక్కొద్దు. ఓడలో ట్రాన్స్‌మిటర్ గది, స్టూడియో, రికార్డుల అర అన్నీ దగ్గరగా చూపిస్తారు. చెప్పేవాళ్లంతా ఆ రేడియో వింటూ పెరిగినవాళ్లే, అందుకే అప్పజెప్పిన పాఠంలా ఉండదు. 1967 ఆగస్టులో పైరేట్ రేడియోల మీద బ్రిటన్ చట్టం వచ్చాక దాదాపు అందరూ మూసేసినా కరోలైన్ ఆగలేదని చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఇప్పటికీ పొగరు తెలుస్తుంది.

బ్రిటిష్ సెట్లలో కరోలైన్ పేరున్న డయల్ దొరుకుతుందేమోనని అడిగాను. నేను చూసినంతలో అక్కడి డయళ్ల మీద లైట్, హోమ్ అనే బీబీసీ స్టేషన్లు, లక్సెంబర్గ్ లాంటివే ఎక్కువ. కరోలైన్ పేరుంటే గాజు మీద కాదు, సొంతదారు గీసుకున్న గుర్తుగానో, స్టిక్కరుగానో. లండన్‌లోని డల్విచ్‌లో ఉన్న పాత వైర్‌లెస్ మ్యూజియంలో వెతకొచ్చు, అపాయింట్‌మెంట్ తప్పనిసరి. నాకు కుదరలేదు.

డచ్ సంతలో కొన్న సెట్ ఈ ట్రిప్‌లో బ్యాగులో వేసుకెళ్లండి. కరోలైన్‌కి 2017లో లైసెన్స్ వచ్చింది, ఇప్పుడు 648 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది, అంటే పాత డయల్ మీద 463 మీటర్ల దగ్గర, హిల్వర్సమ్ 402 దాటాక. మెర్సీ ఒడ్డున కూర్చుని వింటే పాత స్పీకరులోనే స్పష్టంగా వినిపించింది. భుజానికి తగిలించుకునే బ్యాగే తీసుకెళ్లండి. పడవలోంచి ఓడలోకి ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.