హీరోకి పగ ఎక్కడ పుట్టాలి: ఫ్లాష్‌బ్యాక్‌లోనా, మన కళ్ళ ముందా?

కథ రాసేవాళ్ళకి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే: విలన్‌తో ఈ హీరోకి ఏం పని? ఊరు బాగుపడాలన్న మంచి మనసొక్కటే చాలదు, సొంత లెక్క ఒకటుండాలి. మన సినిమాల్లో ఇందుకు చేతికందే మందు ఫ్లాష్‌బ్యాక్. చిన్నప్పుడే నాన్నని చంపేశారు, అంతే. ఇక ఎంతమందిని నరికినా ఎవరూ అడగరు.

2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు' ఆ దారిన పోలేదు. కబడ్డీ కోసం కర్నూలు వెళ్ళిన హీరో అజయ్‌కి విలన్ ఓబుల్ రెడ్డితో పాత పగేమీ లేదు. కొండారెడ్డి బురుజు దగ్గర ఒకమ్మాయిని బలవంతంగా లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకోలేక చెయ్యి చేసుకున్నాడు. అప్పటికి అది దారినపోయేవాడి కోపం, అంతకు మించి ఏం లేదు. ఆ పిల్లని హైదరాబాద్ తెచ్చి సొంతింట్లోనే దాస్తాడు చూడండి, కథ అక్కడ బిగుసుకుంటుంది. తండ్రేమో పోలీసు అధికారి! ఇప్పుడు తప్పుకుందామన్నా కుదరదు. సొంత కారణాన్ని అతను చేసిన పనే తెచ్చిపెట్టింది.

'బాహుబలి' రెండు దారులూ తొక్కింది. 2015లో వచ్చిన మొదటి భాగంలో శివుడు జలపాతం ఎక్కింది పగతో కాదు. కిందికి కొట్టుకొచ్చిన ముసుగుని ఇసుకలో అద్ది, పడిన ముఖం అచ్చు చూసి మనసు పారేసుకున్నాడు. బందీగా ఉన్న దేవసేనని విడిపించడం ఆ ముసుగు తాలూకు అమ్మాయి అవంతిక పని; ప్రేమించాడు కాబట్టి తన నెత్తిన వేసుకున్నాడు. ఆవిడే కన్నతల్లని అప్పటికి తెలీదు. తర్వాత కట్టప్ప జరిగిందంతా చెబుతాడు. నా పేచీ అక్కడే. తండ్రి అమరేంద్రుడి కథ ఎంత గొప్పదైనా ఆ పగ శివుడికి ఒకరు చెబితే విన్నది. దేవసేనది అలా కాదు. గొలుసులతో పాతికేళ్ళు పుల్లలు ఏరింది, తనని బంధించిన భల్లాలదేవుడి చితికి. ఆవిడ పగ ఎంతుందో ఆ కుప్ప చూస్తే చాలు, మాటలక్కర్లేదు.

తరాల పగకి ఫ్లాష్‌బ్యాక్ లేకుండా కుదరదు, ఒప్పుకుంటాను. చిన్న కథకైతే మాత్రం నా ఓటు 'ఒక్కడు' దారికే.

ఈమధ్య ఇసుక మాఫియా మీద ఒక కథ మొదలుపెట్టాను. హీరో ఆటో డ్రైవర్. వాడికి పగ ఉండాలి కదా అని, లారీ కింద పడి పోయిన తమ్ముడొకణ్ణి మధ్యలో ఇరికించాను. చదివి మా ఆవిడ, "వీడికి తమ్ముడెక్కణ్ణుంచి వచ్చాడండీ, మొదటి పేజీలో లేడే?" అంది. తీసేశాను. ఇప్పుడు మొదటి పేజీలో వాడు పోలీసులకి ఒక లారీ నంబరు చెబుతాడు. ధైర్యం ఎక్కువై కాదు, అడిగారు కాబట్టి. నాలుగో పేజీకల్లా వాడి ఆటో తగలబడుతుంది. దానిమీద ఇంకా పదకొండు కిస్తీలు కట్టాలి.