పదమూడేళ్ల పోపుల డబ్బా

2012లో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మరుసటి వారం, విజయనగరం గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్లో ఈ పోపుల డబ్బా కొన్నాను. ఎనిమిది అంగుళాల గుండ్రటి డబ్బా, లోపల ఏడు గిన్నెలు, రెండు బుల్లి చెంచాలు. 480 రూపాయలు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొద్దున్నా సాయంత్రం దీని మూత తియ్యకుండా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, తుంచిన ఎండుమిర్చి, మధ్య గిన్నెలో పసుపు. ఇదీ మా అమరిక. కొన్న రోజు గిన్నెలు మరీ చిన్నవేమో అనిపించింది. ఒక్కోదాంట్లో గుప్పెడు కంటే ఎక్కువ పట్టదు, పదిహేను రోజులకోసారి నింపుకోవాలి. కానీ వాడుతున్న కొద్దీ దానివల్ల ఎంత మేలో అర్థమైంది. దినుసుల వాసనంతా వాటిలో ఉండే నూనెల్లోనే ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ అది పోతుంది. చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా పోసుకుంటే మిగతా సరుకు బిగుతైన సీసాల్లో తాజాగా ఉంటుంది. ఇప్పుడు కూడా నింపే ముందు నాలుగు జీలకర్ర గింజలు అరచేతిలో నలిపి వాసన చూస్తాను. ఘుమఘుమ రాకపోతే ఆ పొట్లం పోపుకి పనికిరాదు, వేయించి పొడి కొట్టేసుకుంటాను.

నాకు ఈ డబ్బాలో ప్రాణం ఆవాల గిన్నె. మా అత్తగారిది నరసన్నపేట వైపు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొదటిసారి నేను ఆవ ముద్దని కూర ఉడుకుతుండగానే కలిపేశాను. తింటే చప్పగా, కాస్త చేదుగా ఉంది. "పొయ్యి మీదే ఏసేత్తే ఘాటేటి మిగుల్తాదమ్మా?" అన్నారావిడ. ఆవాలు పొడిగా ఉన్నంతసేపూ వాటికి ఘాటుండదు. నీళ్లు తగిలేలా నూరినప్పుడు గింజలోని ఒక ఎంజైమ్ పనిచేసి ఆ ఘాటు పుట్టిస్తుంది. వేడి ఎక్కువైతే ఎంజైమూ పోతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. ఇది నేను తర్వాతెప్పుడో చదివాను, ఆవిడకి మాత్రం చేతిలోనే ఉంది. ఇప్పుడు చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లతో రోట్లో నూరి పక్కన పెడతాను. కూర దించి, గిన్నె అంచు చేత్తో పట్టుకోగలిగేంత ఆరాక కలుపుతాను. మూత తియ్యగానే ముక్కు పుటాల్లోకి కొట్టాలి, అప్పుడే ఆవ కుదిరినట్టు. అరటికాయ కూరకీ, కందా బచ్చలికీ ఇదే పద్ధతి.

పోపులో నా వరస ఇది: నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు, వాటి వెనకే ఆరేడు మెంతి గింజలు. పప్పులు రంగు తిరుగుతుండగా ఆవాలు, అవి చిటపటమన్నాక జీలకర్ర, ఎండుమిర్చి, ఆఖరున ఇంగువ, కరివేపాకు. మెంతులు ఎర్రబడితే చాలు, నల్లబడితే కూరంతా చేదే. మూకుడు పక్కనుండగా ఫోన్ ఎత్తకూడదని ఈ డబ్బాయే నాకు నేర్పింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మాకు వారం రోజుల దాకా కరెంటు లేదు. మిక్సీ తిరగదు, ఫ్రిజ్ ఖాళీ, బజార్లో కూరగాయల్లేవు. ఇంట్లో బియ్యం, చింతపండు, బెల్లం, ఈ డబ్బా ఉన్నాయి. కొవ్వొత్తి వెలుగులో రోజూ ఇంగువ చారు కాచాను. పలచగా పిసికిన చింతపండు పులుసులో ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించి, నువ్వులనూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టేదాన్ని. పోపు చారులో పడ్డప్పుడు ఆ సుయ్‌మన్న చప్పుడుకి పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చేసేవారు. నాలుగో రోజు కూడా విసుక్కోకుండా తిన్నారు.

డబ్బా లోపాలూ చెప్పాలి. గిన్నెల అంచుకీ మూతకీ మధ్య వేలెడు ఖాళీ ఉంది. 2017లో ఇల్లు మారినప్పుడు ఆటోలో డబ్బా పక్కకి ఒరిగి, ఆవాల్లో మెంతులు, మెంతుల్లో జీలకర్ర, అన్నింటి మీదా పసుపు. సాయంత్రమంతా చేటలో పోసుకుని ఏరాను. తర్వాత గిన్నెల మీద సరిగ్గా కూర్చునే స్టీలు పళ్లెం విడిగా కొని లోపల పెట్టాను, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. చెంచాలు మరీ చిన్నవి, ఒకటి ఎప్పుడో పోయింది. వానాకాలంలో మూత బిగుసుకుంటుంది. తడిచేత్తో ముట్టుకుంటే పసుపు గడ్డ కడుతుంది. ఇంగువ మాత్రం ఇందులో పెట్టొద్దు. మొదటి నెల పెట్టి చూశాను, పప్పులన్నీ ఇంగువ వాసనే. ఆ గిన్నెని శనగపిండితో తోమి రెండు రోజులు ఎండలో పెట్టాల్సి వచ్చింది.

మధ్యలో 2019లో అందంగా ఉందని గాజు మూత డబ్బా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. కిటికీ పక్క గట్టు మీద పెట్టాను. రెండు నెలల్లో పసుపు పైపొర పాలిపోయింది, ఎండుమిర్చి రంగు వెలిసింది. పసుపు రంగు వెలుతురుకి నిలవదు. మూత చుట్టూ రబ్బరు కూడా ఊడిపోయింది. అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే జవాబే లేదు. మళ్లీ స్టీలు డబ్బాకే వచ్చేశాను. ఇన్నేళ్లలో దీనికి తుప్పు లేదు, పసుపు మరక లేదు, అడుగున రెండు సొట్టలు తప్ప.

డబ్బా ఎంత మంచిదైనా అందులో పోసే సరుకే ముఖ్యం. పసుపు నేను పాడేరు వైపు ఏజెన్సీదే వాడతాను. కొమ్ములు దొరికితే మరలో ఆడిస్తాను, లేకపోతే గిరిజన సహకార సంస్థ డిపోలో పొడి తెస్తాను. ఆ పసుపు వేసిన పప్పు రంగు చూస్తేనే ఆకలేస్తుంది. ఆనపకాయ, బీరకాయ కూరల్లో మేం ఆఖర్న చల్లే నువ్వుల పొడికి ఇందులో చోటు లేదు, దానికి వేరే సీసా. లవంగాలు, దాల్చినచెక్క కూడా అంతే, వాటి వాసన పోపు గింజలకి అంటకూడదు.

కొనేవాళ్లు కొట్లోనే లోపలి పళ్లెం ఉందో లేదో చూసుకోండి. గిన్నెల అంచులు వేలితో తడిమి చూడండి, కొన్ని కోసుకుంటాయి. నలుగురున్న ఇంటికి ఎనిమిది అంగుళాలు సరిపోతుంది. ఈ జూన్లో మా అమ్మాయి ఉద్యోగానికని బెంగళూరు వెళ్తూ తనకీ ఇలాంటిదే కావాలంది. అదే కొట్లో ఆరు అంగుళాలది కొని, ఏడు గిన్నెలూ నింపి, పైన పళ్లెం పెట్టి, గుడ్డతో గట్టిగా మూటకట్టి ఇచ్చాను. ఇంగువ వేరే డబ్బాలో పెట్టాను.