పుస్తకం కబురు చెప్పడానికి: ఫేస్‌బుక్కా, వాట్సాప్ బ్రాడ్‌కాస్టా?

కొత్త పాఠకులు కావాలంటే ఫేస్‌బుక్కే. సొంత ప్రొఫైల్‌కి 5,000 మంది స్నేహితుల పరిమితి ఉన్నా, పోస్టు పబ్లిక్‌గా ఉంటే ఎవరైనా షేర్ చేయొచ్చు. అట్ట బొమ్మ ఒక్కటే పెడితే చాలదు. కథలోంచి మంచి పేరా ఒకటి వేయండి. చాలామందికి చిక్కు ఇక్కడే. అచ్చు పనికి వాడే పాత తరహా అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పేజీని నేరుగా కాపీ చేస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అంతటా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి మార్చి, వత్తులూ పొల్లులూ ఒక్కొక్కటీ సరిచూడాలి. పేజీని ఫొటో తీసి పెట్టడం సులువే గానీ, అందులోని వాక్యాన్ని కాపీ చేసుకుని పంచుకోవడం కష్టం.

అమ్మకానికి మాత్రం వాట్సాప్ బ్రాడ్‌కాస్టే మేలు. ఒకే సందేశం జాబితాలోని అందరికీ విడివిడిగా వెళ్తుంది. ఒక జాబితాలో 256 మంది వరకు పడతారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది కాబట్టి, ఆవిష్కరణ సభలో నంబరు ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పండి. జవాబు మీకొక్కరికే వస్తుంది. చిరునామా, పిన్‌కోడ్, యూపీఐ చెల్లింపు వివరాలు అదే చాట్‌లో ఉంటాయి. ధర, తపాలా ఖర్చు మొదటి సందేశంలోనే రాయండి. స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా, డబ్బు ఖాతాలో పడిందని చూసుకున్నాకే పుస్తకం పంపండి. రోజూ సందేశాలు పెడితే బ్లాక్ చేస్తారు.