పదకొండేళ్లుగా వాడుతున్న అల్నికో దండాయస్కాంతాలు: కీపర్లు ఉన్న జత, పోయిన జత

ఉద్దానంలో, పలాసకు దగ్గర్లోని ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. 2014లో ల్యాబ్‌ కోసం రెండు జతల అల్నికో దండాయస్కాంతాలు కొన్నాను. అల్నికో అంటే ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన మిశ్రలోహం. ఒకే రోజు, ఒకే కొట్లో. ప్రతి జతా చెక్కపెట్టెలో వచ్చింది. ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన రెండోదాని దక్షిణ ధ్రువం, మధ్యలో చెక్కబద్ద, రెండు కొసలకీ అడ్డంగా చిన్న ఇనుప ముక్కలు. అవే కీపర్లు. అవి ఎందుకో పెట్టె మీద ఒక్క మాట రాయలేదు. ఈ సరుకు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ల్యాబ్ గది కారిపోయింది. సామానంతా సంచుల్లో వేసి పక్కగదికి మోశాం. ఆ హడావుడిలో ఒక జత పెట్టె, కీపర్లు పోయాయి. అప్పటినుంచి ఆ రెండూ అట్టపెట్టెలో ఎలా పడితే అలా ఉన్నాయి. చాలాసార్లు సజాతి ధ్రువాలు పక్కపక్కనే కనబడేవి.

మొన్న రెండు జతల్నీ పోల్చి చూశాను. దిక్సూచికి తూర్పున, 20 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కోదాన్నీ తూర్పు పడమరలుగా పెట్టాను. కీపర్లున్న జతలోది ముల్లును 45 డిగ్రీలు తిప్పింది. రెండో జతలోది 24 దగ్గర ఆగిపోయింది. ఇలా పెట్టినప్పుడు అయస్కాంతం బలం ముల్లు తిరిగిన కోణపు ట్యాన్ విలువకు అనుపాతంలో ఉంటుంది. ట్యాన్ 45 విలువ 1, ట్యాన్ 24 విలువ 0.445. అంటే బలం సగం కూడా లేదు. చూసి మనసు చివుక్కుమంది. రెండు జతలూ పిల్లల చేతుల్లోంచి కిందపడినవే కాబట్టి ఇంత తేడాకి కారణం దెబ్బలు కావు.

కొసల్లోని ధ్రువాలు బయటే కాదు, అయస్కాంతం లోపల కూడా క్షేత్రాన్ని పుట్టిస్తాయి. లోపల అది అయస్కాంతీకరణకు ఎదురుగా ఉంటుంది. అల్నికోకి బలం ఎక్కువే గానీ ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే గుణం తక్కువ. సజాతి ధ్రువాలు పక్కనే ఉంటే ఆ ఎదురు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కీపర్ పెడితే బలరేఖలు మెత్తని ఇనుము గుండా ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లి చుట్టు పూర్తిచేస్తాయి. కొసల్లో విడి ధ్రువాలు దాదాపు మిగలవు, లోపలి ఎదురు క్షేత్రం బాగా తగ్గిపోతుంది. స్పీకర్లలోని ఫెర్రైట్‌కీ, నియోడిమియం అయస్కాంతాలకీ ఈ బాధ లేదు.

పోయిన కీపర్లకు బదులు వెల్డింగ్ షాపులో మామూలు ఇనుప పట్టీ ముక్కలు కోయించాను. పోయిన బలాన్ని అవి తిరిగి తేలేవు. అందుకు బలమైన కాయిల్‌లో పెట్టి మళ్లీ అయస్కాంతీకరించాలి. ఉన్నది నిలిస్తే చాలనుకున్నాను.

అయస్కాంతాలు మాత్రం మంచివే, మళ్లీ కొనమన్నా కొంటాను. మీరు కొంటే డబ్బివ్వకముందే పెట్టె తెరిచి కీపర్లున్నాయో లేదో చూడండి. మా ల్యాబ్‌లో ఇప్పుడు పెట్టెలు మూసేముందు తొమ్మిదో తరగతి పిల్లలే కీపర్లు లెక్కపెడుతున్నారు. నాలుగు.